పాత ఇంటి పడకగదికి రంగులు వేయిస్తున్నారా?

పండగ దగ్గర పడుతోందనగానే మనకి ముందు గుర్తొచ్చేది ఇల్లు దులుపుకోవడం, గోడలకి రంగులు వేయించుకోవడం. కొత్తగా కట్టిన ఇల్లయితే పెద్ద చిక్కేమీ లేదు. షాపు నుంచి షేడు కార్డు తెచ్చుకుని నచ్చిన రంగు మీద వేలు పెడితే చాలు, మిగతాది పెయింటరు చూసుకుంటాడు. కానీ తాతల నాటి పెంకుటిల్లో, మండువా లోగిలో అయితే? అక్కడ కొత్త ఇంటి లెక్కలు పనికిరావు. ఈ సంగతి నాకు 38 వేలు పోశాక గానీ తెలిసిరాలేదు! ఆ ఖర్చు మీకైనా తప్పుతుందేమోనని ఇదంతా రాస్తున్నాను.

మా అత్తవారి ఇల్లు అమలాపురం దగ్గర ఒక పల్లెలో ఉంది. 1938లో మా మావయ్యగారి తండ్రిగారు కట్టించారు. గానుగ సున్నంతో కట్టిన అడుగున్నర మందం గోడలు, టేకు దూలాలు, పైన మంగుళూరు పెంకులు. అందులో పడమటి గది మా అత్తయ్యగారిది. 1964లో కొత్తకోడలిగా వచ్చిన రోజు నుంచీ ఆవిడ పడక అక్కడే. పందిరి మంచం, మూలన భోషాణం, గోడలో రెండు గూళ్ళు, చీర తగిలించుకోవడానికి నాలుగు చిలక్కొయ్యలు. ఊళ్ళో ఎవరింటికి వెళ్ళినా చీకటి పడేలోపు ఆ గదికి చేరుకోవాల్సిందే ఆవిడ.

ఆ గదికి ఉన్న రోగం చెమ్మ. గోడకి అడుగు భాగాన మోకాలెత్తు వరకూ నల్లటి మరకలు. చెయ్యి వేస్తే సున్నం పొడిపొడిగా రాలేది. వానాకాలం వచ్చిందంటే గదంతా ఒకటే ముక్కిన వాసన. 2021 సంక్రాంతికి అందరం వస్తున్నాం కదా, అత్తయ్యగారి గది కొత్తగా చేసి ఇద్దామని నేనే ఉత్సాహపడ్డాను. పట్నం నుంచి పెయింటర్లని పిలిపించాం. వాళ్ళు రాలే సున్నం గీకేసి, కింది భాగమంతా సిమెంటుతో పూసి, దాని మీద రెండు సార్లు లప్పం పెట్టి, ప్రైమరు కొట్టి, లేత వంకాయరంగు ప్లాస్టిక్ ఎమల్షన్ వేశారు. అద్దంలా తయారైంది గది! తలుపులకీ ద్వారబంధానికీ గోధుమరంగు ఎనామిల్ కూడా కొట్టించాను. అత్తయ్యగారు అంతా చూసి, "బాగానే ఉంది గానీ అమ్మాయ్, ఈ గోడకి ఊపిరాడుతుందంటావా?" అన్నారు. పెద్దావిడ చాదస్తం అనుకుని నవ్వేశాం అందరం.

శ్రావణమాసానికి ఆ నవ్వు పోయింది. గోడ మీద బొబ్బలు లేచాయి. వేలితో నొక్కితే లోపల్నించి నీరు కారింది. రంగు అట్టలు అట్టలుగా ఊడి, వెనక తెల్లగా సూదుల్లాంటి ఉప్పు కనబడింది. అంతకన్నా విడ్డూరం ఏమిటంటే, అంతకుముందు మోకాలి దాకా ఉన్న చెమ్మ ఇప్పుడు నడుము ఎత్తుకి పాకింది.

ఎందుకిలా అయిందో తర్వాత అర్థమైంది. మన పాత ఇళ్ళ గోడలకి అడుగున, ఇప్పటి ఇళ్ళకి వేసినట్టు నీటిని అడ్డుకునే పొర ఉండదు. నేలలో తడిని గోడ కొద్దికొద్దిగా పీల్చుకుంటుంది. పైన ఉన్నది సున్నం కాబట్టి ఆ తడి ఎప్పటికప్పుడు గాలిలోకి ఆరిపోతూ ఉంటుంది. అందుకే ఆ ఇళ్ళు అన్నేళ్ళు నిలబడ్డాయి. దాని మీద సిమెంటూ ప్లాస్టిక్ రంగూ వేశామంటే, ఆరడానికి ఉన్న దారి మూసేసినట్టే. లోపలి తడి ఏం చేస్తుంది? దారి వెతుక్కుంటూ పైకి ఎక్కుతుంది. దానితో వచ్చిన ఉప్పు రంగు వెనక గడ్డకట్టి రంగుని తోసేస్తుంది. అత్తయ్యగారు అడిగిన ప్రశ్న అక్షరాలా సరైనదే!

2022 వానలకి ఆవిడకి దగ్గు పట్టుకుంది. రాత్రిళ్ళు లేచి కూర్చునేవారు. డాక్టరుగారు పరీక్ష చేసి, మందులు రాసి, "ఈ చెమ్మలో, బూజులో పడుకుంటే ఆయాసం తగ్గేది కాదు. గదైనా బాగు చేయించండి, మనిషినైనా మార్చండి" అన్నారు. మా మరిదిగారు హైదరాబాదు నుంచి వచ్చి, అమ్మని తమ ఫ్లాటుకి తీసుకెళ్ళిపోతానన్నారు. ఆయన అన్నదీ న్యాయమే. అత్తయ్యగారు మాత్రం ఎవరితోనూ వాదించలేదు. రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు, అంతే. చివరికి దీపావళినాడు అన్నదమ్ములిద్దరూ కూర్చుని ఒక మాట అనుకున్నారు. వచ్చే మృగశిర కార్తెలోగా గది ఆరితే ఆవిడ ఇక్కడే ఉంటారు. ఆరకపోతే హైదరాబాదు ప్రయాణం. అంటే మా చేతిలో ఉన్నది ఒక్క ఎండాకాలం!

నీళ్ళు ఎక్కడివో ముందు చూడండి

ఈసారి పెయింటర్ని పిలవలేదు. పక్క ఊళ్ళో పాత ఇళ్ళ పని తెలిసిన ముసలి తాపీమేస్త్రి ఉంటే ఆయన్ని పిలిపించాం. ఆయన గది లోపలికి కూడా రాలేదు. ముందు ఇంటి చుట్టూ తిరిగి చూశాడు. "నీళ్ళాపకుండా రంగేత్తే తడిబట్ట మీద పౌడరేసినట్టేనండమ్మగారూ" అన్నాడు.

మీరు కూడా మీ గోడ చెమ్మ ఎక్కడిదో తెలుసుకోవాలంటే ఒక చిన్న పరీక్ష ఉంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న పాలిథీన్ కాగితాన్ని గోడకి ఆనించి నాలుగు పక్కలా టేపుతో గట్టిగా అంటించండి. రెండు రోజులయ్యాక చూడండి. కాగితానికి గోడ వైపు నీటి చుక్కలు పడితే తడి గోడలోంచి వస్తోందని అర్థం. గది వైపు పడితే అది గాలిలో తేమ, కిటికీలు తెరిచి గాలి ఆడనిస్తే చాలావరకు తగ్గుతుంది. మాకు గోడ వైపే పట్టింది, అదీ ధారగా.

మేస్త్రి రెండు తప్పులు చూపించాడు. రెండూ మా వాళ్ళు చేసినవే! మొదటిది, 1986లో పడమటి గోడకి ఆనించి కట్టిన బాత్రూం. కుళాయి గొట్టాన్ని పాత గోడలోకి తొలిచి పెట్టారు. అది ఎన్నాళ్ళ నుంచి లోలోపల కారుతోందో! రెండోది, చూరు కింద దొడ్డి బురదగా ఉంటోందని గోడ అంచు దాకా వేయించిన సిమెంటు గచ్చు. ఒకసారి బీటలు వారితే దాని మీదే ఇంకో పొర వేయించారు. అలా దొడ్డి ఎత్తు పెరిగి, గది నేలతో సమానమైపోయింది. చూరు నీళ్ళు ఆ గచ్చు మీద పడి గోడకి చిమ్ముతున్నాయి. నేలలోకి ఇంకినవి తిరిగి ఆరే దారి లేక గోడలోకి వస్తున్నాయి.

సంక్రాంతి వెళ్ళగానే పని మొదలుపెట్టాం. గోడ పొడవునా అడుగున్నర వెడల్పు గచ్చు పగలగొట్టించి, గది నేల కన్నా బాగా కిందికి మట్టి తీయించి, కంకర నింపించాం. మిగిలిన గచ్చుని గోడకి ఎడంగా, కాలవ వైపు వాలు వచ్చేలా సరిచేశారు. బాత్రూం గొట్టాలన్నీ గోడలోంచి తీసి బయటికి కనబడేలా బిగించారు. చూడ్డానికి అందంగా లేవు, నిజమే. కానీ ఇక మీదట ఏ గొట్టం కారినా ఆ రోజే తెలుస్తుంది.

తర్వాత లోపల సిమెంటు పూతంతా కొట్టించేశాం, చెమ్మ గీత కన్నా ఒక అడుగు పైదాకా. ఇటుకలు బయటపడ్డాయి. ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. ఇటుకల మీద తేలిన ఉప్పుని నీళ్ళతో కడగకండి! కడిగితే కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది. పొడి బ్రష్షుతో దులిపి, చేటలోకి ఎత్తి, దూరంగా పారబోయాలి. నేను ముక్కుకి గుడ్డ కట్టుకుని వారానికోసారి దులిపాను. మొదట్లో చేటెడు వచ్చేది. ఏప్రిల్ కల్లా గుప్పెడు.

ఆ మూడు నెలలూ గోడ అలా ఇటుకలతోనే ఉంది. చుట్టాలు వచ్చి, "ఇదేమిటే, ఇల్లు పడగొడుతున్నారా?" అని అడిగేవాళ్ళు. ఓపిక పట్టడమే అన్నిటికన్నా కష్టమైన పని సుమా! పండక్కి ముందు పదిహేను రోజుల్లో అయిపోవాలని పట్టుబడితే మాత్రం పాత గోడ మాట వినదు.

తలుపుల రంగు గీకేముందు

గోడ ఆరుతుండగా తలుపుల పని పెట్టుకున్నాను. అత్తయ్యగారు హాల్లో మడతమంచం మీద పడుకుంటూ, ఒకరోజు నన్ను పిలిచి, "ద్వారబంధం మీద నువ్వు వేయించిన రంగు తీయించగలవా?" అని అడిగారు. ఎందుకన్నాను. "గీతలున్నాయే దాని మీద" అన్నారు. పిల్లల్ని గుమ్మానికి ఆనించి నిలబెట్టి, చాకుతో ఎత్తు గీత పెట్టి, పక్కన పేరూ సంవత్సరం చెక్కేవారట మావయ్యగారు. అప్పటికే రెండు మూడు పొరల రంగు వేసి ఉన్న గుమ్మం అది. గీతలు పైకి కనిపిస్తూనే ఉండేవిట. నేను కొట్టించిన చిక్కటి ఎనామిల్‌తో పూడిపోయాయి.

పాత తలుపుల రంగు తీసేటప్పుడు జాగ్రత్త! వెనకటి ఎనామిల్ రంగుల్లో సీసం కలిసేది. మన దేశంలో ఇళ్ళకి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదని 2016లో నియమం తెచ్చారు. అది అమలుకి వచ్చింది 2017 నవంబరులో. అంటే అంతకుముందు వేసిన పొరల్లో సీసం ఉందనే అనుకుని పని చేయాలి. పొడిగా ఉప్పు కాగితంతో రుద్దితే ఆ దుమ్ము గాలిలో కలిసి ఊపిరిలోకి పోతుంది. పసిపిల్లలకీ గర్భిణులకీ అది చాలా చెడ్డది. మంట పెట్టి కాల్చి తీయించడం అసలే వద్దు. నీళ్ళు చల్లుతూ వాటర్ పేపరుతో తడిగా రుద్దాలి. కింద పాలిథీన్ పరిచి, వచ్చిన మడ్డినంతా అందులోనే మూటకట్టి పారేయాలి. పని అయ్యాక నేలని చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవాలి. ఆ బట్టలు విడిగా ఉతుక్కోవాలి. పిల్లల్ని ఆ దరిదాపులకి రానీయకూడదు.

ఆ ఒక్క గుమ్మానికి నాకు పదకొండు రోజులు పట్టింది. నేను వేయించిన రంగు పొర వరకే తీసి, కింది పాత పొరల్ని కదపలేదు. ముందు మా వారి పేరు బయటపడింది, 1975. తర్వాత మరిదిగారిది, ఆడపడుచుది. వాళ్ళవి ఏడాదికొకటి చొప్పున నిచ్చెన మెట్లలా ఉన్నాయి. అన్నిటికన్నా కింద ఒకే ఒక్క గీత, పక్కన 1969 అని ఉంది. మా వారికి ఒక అక్కయ్య ఉండేదని, నాలుగో ఏట పోయిందని పెళ్ళయిన కొత్తలో ఎవరో చెప్పగా విన్నాను. ఆ గీత ఎవరిదని నేను అడగలేదు. అత్తయ్యగారు వచ్చి చేత్తో తడిమి చూసి, "ఇక్కడిదాకా చాల్లే అమ్మాయ్" అన్నారు. మీ ఇంట్లోనూ గుమ్మాల మీద, గూళ్ళ అంచుల మీద ఇలాంటివి ఏమైనా ఉన్నాయేమో, రంగు డబ్బా మూత తీసే ముందు ఇంట్లో పెద్దవాళ్ళని ఒక్క మాట అడగండి. నేను అడగలేదు.

సున్నం పని

మే నెలలో గోడకి పూత మొదలైంది. ఒక పాలు నానిన సున్నానికి మూడు పాళ్ళు ఇసుక. "గట్టిదనానికి ఒక తట్ట సిమెంటు కలుపుదామండీ" అని కుర్ర మేస్త్రీలు అంటారు. ససేమిరా ఒప్పుకోకండి! సున్నపు పూత ఎండకి గబగబా ఎండిపోతే బీటలు వస్తుంది. రోహిణీ కార్తె ఎండలు కదా, కిటికీలకి తడిపిన గోనెపట్టాలు వేలాడదీసి, రోజుకి రెండుమూడు సార్లు గోడ మీద నీళ్ళు చిలకరించాం. ఆరబెట్టిన గోడకి మళ్ళీ నీళ్ళేమిటని మా ఆడపడుచు కంగారుపడింది. ఇది పైపైన చిలకరించే తడి, గట్టిపడటానికి కావాలి. అడుగునుంచి ఎక్కే తడికీ దీనికీ సంబంధం లేదు.

ఇక వెల్ల. గోదావరి జిల్లాల్లో గుల్ల సున్నం వాడకం వెనకటి నుంచీ ఉన్నదే. చక్కటి తెలుపు వస్తుంది. మీరు ఇంట్లోనే తయారు చేసుకునేటట్టయితే నాలుగు జాగ్రత్తలు. ఇనప డ్రమ్ములో కానీ పెద్ద కుండలో కానీ ముందు నీళ్ళు పోసి, అందులో సున్నం కొద్దికొద్దిగా వేయాలి. సున్నం మీద నీళ్ళు పోయకూడదు, కుతకుతా ఉడికి మొహం మీదికి చిమ్ముతుంది. ప్లాస్టిక్ బకెట్టు ఆ వేడికి ఆగదు. అల్యూమినియం గిన్నెని సున్నం తినేస్తుంది. కళ్ళకి అద్దాలు, చేతులకి తొడుగులు తప్పనిసరి. కంట్లో పడితే వెంటనే ధారగా చాలాసేపు నీళ్ళతో కడిగి డాక్టరు దగ్గరికి పరిగెత్తాల్సిందే. పిల్లలున్న ఇంట్లో ఆ కుండ మీద మూత, మూత మీద బరువు ఉండాలి.

సున్నం ఎన్ని ఎక్కువ రోజులు నానితే అంత మెత్తగా వస్తుంది. మేం మూడు వారాలు నాననిచ్చాం. తర్వాత పల్చటి గుడ్డలో వడగట్టి, పల్చటి మజ్జిగలా కలుపుకోవాలి. చేతికి అంటకుండా ఉండటానికి కాస్త గంజి కానీ తుమ్మబంక నీళ్ళు కానీ కలుపుతారు. కొంతమంది ఉప్పు వేస్తారు. అసలే ఉప్పు పట్టిన గోడకి మళ్ళీ ఉప్పెందుకు? వద్దు. గోడని కొద్దిగా తడిపి, పల్చగా ఒక చేయి వేసి, ఒక రోజు ఆగి రెండో చేయి, మళ్ళీ ఆగి మూడో చేయి. వేసినప్పుడు ఏమీ కనబడదు, వట్టి నీళ్ళు పూసినట్టే ఉంటుంది. కంగారుపడి చిక్కగా వేశారో, పొట్టు పొట్టుగా లేస్తుంది. ఆరుతున్న కొద్దీ తెలుపు దానంతటదే తేలుతుంది. సున్నానికి ఘాటు గుణం ఉండటం వల్ల బూజు కూడా తొందరగా పట్టదు.

రంగేం వేద్దామని ఈసారి ఆవిడనే అడిగాను. "తెలుపులో కాస్త నీలం కలుపు. నేనొచ్చినప్పుడు అలాగే ఉండేది" అన్నారు. నీలం పొడిని గుడ్డలో మూటకట్టి, సున్నం నీళ్ళలో ఆడించి తీశాం. పొడి నేరుగా వేస్తే గోడ మీద చారలు పడతాయి. కావి, పసుపుపచ్చ మట్టిరంగులు కూడా సున్నంలో నిలుస్తాయి. అన్ని రంగులూ నిలవవు, కాబట్టి ముందు ఓ మూల కొంచెం వేసి చూసుకోండి. తడి మీద ముదురుగా కనబడేది ఆరాక బాగా లేతబడుతుంది, అదీ గుర్తుంచుకోవాలి.

ఉన్నదున్నట్టు చెప్పాలి కదా, వెల్లకి లోపాలూ ఉన్నాయి. ఎంత గంజి కలిపినా ఆనుకుంటే కొంచెం చీరకి అంటుతుంది. మేం మంచం తలవైపు గోడకి చాప వేలాడదీశాం. తడిగుడ్డతో తుడవడానికి పనికిరాదు. ఏడాదికో రెండేళ్ళకో మళ్ళీ వేసుకోవాలి. ప్లాస్టిక్ రంగు పూర్తిగా గీకకుండా దాని మీద వేస్తే అంటుకోదు. మీ ఇల్లు సిమెంటుతో కట్టింది, గోడలు పొడిగా ఉన్నాయి అంటే ఈ బాధంతా మీకు అక్కర్లేదు, హాయిగా ఎమల్షనే వేయించుకోండి.

గదిలో మిగతా పనులు చిన్నవి. చెక్కబద్దీల మీద ఉన్న పాత వైరింగు తీయించి కొత్తది, ఎర్తుతో సహా వేయించాం. వెల్ల వేయకముందే ఈ పని అయిపోవాలి. మంచం మీద నుంచే చెయ్యి అందేలా ఒక స్విచ్చి, బాత్రూం దారిలో రాత్రి వెలిగే చిన్న దీపం పెట్టించాం. దూలాల్ని స్క్రూడ్రైవరు పిడితో కొట్టి చూశాం. చెద పట్టినచోట డొల్ల మోత వస్తుంది, మాకు ఎక్కడా రాలేదు. ఎర్ర గచ్చుని యాసిడ్‌తో కడగబోయిన పనిపిల్లని మాత్రం సమయానికి ఆపాను. యాసిడ్ గచ్చుని తినేస్తుంది. భోషాణాన్ని గోడకి జానెడు ఎడంగా జరిపాం, వెనక గాలి ఆడాలి కదా.

ఖర్చు అడుగుతారని నాకు తెలుసు! మొత్తం 46 వేలు. అందులో సున్నానికీ ఇసుకకీ కలిపి ఆరు వేలు కూడా కాలేదు. తక్కినదంతా కూలీలకి, గొట్టాలకి, వైరింగుకి. 2021లో తగలేసిన 38 వేలు కలిపి చూసుకోవద్దని మా వారికి గట్టిగా చెప్పాను.

2023లో మృగశిర రావడానికి నాలుగు రోజుల ముందు అత్తయ్యగారి పందిరి మంచం మళ్ళీ గదిలోకి వెళ్ళింది. ఆగస్టులో ముసురు పట్టినప్పుడు మా మరిదిగారు హైదరాబాదు నుంచి వచ్చి, తనే స్వయంగా పాలిథీన్ కాగితం తెచ్చి గోడకి అంటించారు. రెండు రోజులయ్యాక ఇద్దరం కలిసి తీసి చూశాం. బాత్రూం వైపు మూలన మాత్రం అరచేతి మేర తడి ఉంది. మిగతా గోడంతా పొడిగా ఉంది. ఆయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "అమ్మా, కాఫీ తాగుతావా?" అని అడిగారు. ప్రయాణం మాట మళ్ళీ ఎత్తలేదు. దగ్గు పూర్తిగా పోలేదు, మందులు వాడుతూనే ఉన్నారు. కానీ రాత్రిళ్ళు లేచి కూర్చోవడం తగ్గింది.

ఆ మూల ఇప్పటికీ ప్రతి వానాకాలం కాస్త పొట్టు లేస్తుంది. సంక్రాంతి ముందు దులిపి మళ్ళీ రెండు చేతులు వెల్ల వేస్తున్నాం. ఈ ఏటి సున్నం పెరట్లో అప్పుడే నానుతోంది. అత్తయ్యగారు రోజూ పొద్దున్నే వెళ్ళి మూత తీసి, కర్రతో ఓసారి కలిపి, నీళ్ళు చాలాయో లేదో చూసి వస్తున్నారు.